అయిదు నక్షత్రాల మావయ్య

నేను తక్కువ మాట్లాడతాను. జూట్ మిల్లు గేటు దగ్గర కాపలా ఉన్నన్నాళ్ళూ నాతో ఎక్కువగా మాట్లాడినవి లారీ హారన్లే. వాటికి జవాబు గేటు తియ్యడం. మిల్లు మూసేశాక హారన్లు పోయాయి, నా అలవాటు మిగిలింది. ఇప్పుడు మాత్రం నాలుగు మాటలు చెప్పక తప్పదు. ఈ వయసులో నాకు సర్కారు ఉద్యోగం వచ్చింది. ఎలా వచ్చిందని కనిపించినవాళ్ళందరూ అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు.

ఉద్యోగం అడిగింది నేను కాదు. మా కోడలు వరాలు.

వరాలు డిగ్రీ చదివింది. టైపు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ హయ్యర్ పాసయింది. మా ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ ఉద్యోగాలకి పరీక్షలు రాస్తూనే ఉంది. ఒకసారి పేపరు లీకైంది. ఒకసారి కోర్టు ఆపింది. ఒకసారి పాసైంది కూడా, ఈలోగా ఆ పోస్టే ఎత్తేశారు. మా వాడు లారీ మీద ఉంటాడు. ఏ రోజు ఏ రాష్ట్రంలో ఉంటాడో వాడికే తెలీదు. ఇల్లంతా ఈ పిల్ల చేతి మీదే నడుస్తుంది. ఆమె మాత్రం నడవదు, పరిగెడుతుంది. కుక్కర్ కూత వేసేలోగా బట్టలు ఆరేసి, పాలవాడితో పోట్లాడి, ఒక పాఠం చదివేస్తుంది. చూస్తుంటేనే నాకు ఆయాసం వస్తుంది.

ఆ నెలాఖరుతో ఆమెకి వయసు దాటిపోతుంది. ఆ తర్వాత ఏ సర్కారు ఉద్యోగానికీ అప్లికేషన్ పెట్టడానికి లేదు. సరిగ్గా ఆ నెలలోనే ఇంధన వివాదాల ట్రిబ్యునల్ నుంచి ఇంటర్వ్యూకి రమ్మని కాగితం వచ్చింది. కరెంటు కంపెనీలకీ జనానికీ తగువు వస్తే తీర్పు చెప్పే ఆఫీసు అది. పాలనా సహాయకులు, ఒకే ఒక్క పోస్టు.

"ఇది కూడా పోతే పుస్తకాలన్నీ తూకానికి వేసేస్తాను మావయ్యా," అంది వరాలు. నవ్వుతూనే అంది. అన్నాక పొయ్యి వైపు తిరిగి చాలాసేపు అటే ఉండిపోయింది. ఆమె ఒకచోట అంతసేపు కదలకుండా నిలబడటం నేను చూసింది అదే మొదలు.

అభ్యర్థులు తమ దగ్గర సంచులు ఉంచుకోకూడదని కాగితంలో రాసుంది. సంచి పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. నేను వెళ్ళాను.

ట్రిబ్యునల్ పట్నంలో ఒక పెద్ద మేడ. గుమ్మంలో అడుగుపెట్టగానే నక్షత్రాలు కనిపించాయి. ఫ్రిజ్జుల మీదా ఏసీల మీదా అంటిస్తారే, ఎంత తక్కువ కరెంటు తింటే అన్ని ఎక్కువ నక్షత్రాలు, ఆ స్టిక్కర్లు. ఫ్యానుకి ఉంది. ట్యూబులైటుకి ఉంది. మంచినీళ్ళ కుండకి అయిదున్నాయి. గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్న అటెండరు చొక్కా జేబుకి రెండున్నాయి.

"ఏటి బాబూ, అలా సూస్తన్నారు?" అన్నాడు అటెండరు. అతని పేరు సన్నిబాబు. "ఆఫీసులో కరెంటు తినీ ప్రతిదానికీ నచ్చత్రాలుండాలని ఆర్డరొచ్చింది. ఎవులు తింతన్నారని లెక్కేస్తే, ఫ్యాన్లు కాదు, ఫ్యాన్ల కింద కూకున్నోళ్ళే తింతన్నారని తేలింది. అంచేత మాకూ అంటించీసినారు."

"నీకు రెండేనా అన్నా?" అంది వరాలు.

"మూడుండీవమ్మా. మొన్న మెట్ల మీద ఓ ముసలమ్మ పడిపోతే లేవదీసాను. ఒకటి పీకీసినారు."

లిఫ్టు పొదుపు కోసం ఆపేశారు. ఇంటర్వ్యూ పై అంతస్తులో. వరాలు కుచ్చిళ్ళు పట్టుకుని మెట్ల మీదికి ఉరికింది.

"మెల్లగా ఎక్కు తల్లీ! లెక్క మెట్ల కాడ్నుంచే మొదలు!" సన్నిబాబు కింద నుంచి అరిచాడు. అరిచాక చుట్టూ చూసి జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. అరుపుకీ లెక్క ఉందేమో.

పైన హాల్లో అభ్యర్థులు కూర్చుని ఉన్నారు. వరాలు పక్క కుర్చీలో గుంపస్వామి అనే అతను బొమ్మలా బిగుసుకుని ఉన్నాడు. ఎక్కడి నుంచి వచ్చారని వరాలు పలకరించింది. అతను పెదాలు కదపకుండా జవాబు చెప్పాడు. ఈ ఉద్యోగం కోసమే కోచింగ్ తీసుకున్నాడట. నిశ్చల కోచింగ్ సెంటర్.

"కదలకుండా ఉండటానికి కోచింగా?" అంది వరాలు.

"మొదట చేతులు కదపకపోవడం నేర్పుతారండి. తర్వాత కనురెప్పలు. ఆఖరున ఆలోచించడం మానెయ్యడం. డిగ్రీ ఉన్నవాళ్ళకి ఆ సబ్జెక్టు మినహాయింపు."

నేను గోడ పక్క బెంచీ మీద కూర్చున్నాను. సంచి ఒళ్ళో పెట్టుకున్నాను.

తలుపు తెరుచుకుని ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. ముందు రిజిస్ట్రార్ చక్రధరరావు గారు. ఆయన మాట్లాడితే ఎవరో ఆర్డరు చదివినట్టే ఉంటుంది.

"ఇందుమూలంగా హాజరైన అభ్యర్థులందరికీ తెలియజేయడమేమనగా," అన్నారాయన, "నాకు ముందుగా కాఫీ కావలెను."

కాఫీ వచ్చింది. చల్లగా ఉంది. వేడి చెయ్యడం దుబారా.

రెండో ఆయన విశ్వంభరం గారు. ట్రిబ్యునల్లో సాంకేతిక సభ్యులు. సన్నగా, పొడుగ్గా, కరెంటు స్తంభంలా నిలబడ్డారు.

"మనిషి ఒక పరికరం," అన్నారు విశ్వంభరం గారు. "అన్నం ఇన్‌పుట్టు. పని అవుట్‌పుట్టు. ఇన్‌పుట్టు తగ్గేకొద్దీ నక్షత్రాలు పెరుగుతాయి. ఇందులో దాపరికం ఏమీ లేదు."

వరాలు చెయ్యెత్తింది. "మరి పనిని కూడా కొలుస్తారా సార్?"

"తప్పకుండా కొలవవలసినదే. పనిని కొలిచే యంత్రానికి టెండర్లు పిలిచాం. ఇంకా ఖరారు కాలేదు. అందాకా ఇన్‌పుట్టు మాత్రమే కొలిచి, పని జరిగినట్టుగా భావించడమైనది."

అందరూ తలలూపారు. గుంపస్వామి ఊపలేదు. అతను ఆరితేరినవాడు.

"ఇక్కడొక చిక్కుంది," అన్నారు విశ్వంభరం గారు. "కొలతకి మూలప్రమాణం ఉండాలి. ఏ పనీ చెయ్యని మనిషికి ఎంత ఖర్చవుతుందో తేలితే, పని చేసేవాడికి ఎంత ఎక్కువవుతుందో తేలుతుంది. ఏ పనీ చెయ్యని మనిషి కోసం మన ఆఫీసులోనే వెతికించాం. దొరకలేదు. అందరూ ఏదో ఒకటి చేస్తున్నారు. కనీసం టీకి వెళుతున్నారు."

హాలంతా ఒకసారి చూసి ఆయన నా దగ్గర ఆగారు.

"ఆయనెవరు?"

"మా మావయ్య గారండీ. సంచి కోసం వచ్చారు."

"ఎంతసేపటి నుంచి అలా ఉన్నారు?"

"నాకు పెళ్ళైనప్పటి నుంచీ ఇలాగే ఉన్నారండీ," అంది వరాలు.

నా చేతికి ఒక పట్టీ కట్టారు. పట్టీకి తీగ, తీగ చివర కరెంటు మీటరులాంటి పెట్టె, పెట్టెలో ఎర్రటి అంకెలు.

"మీకేమైనా అభ్యంతరం ఉన్నదా?" అన్నారు రిజిస్ట్రార్ గారు.

నేనేమీ అనలేదు.

"అభ్యంతరం లేదని నమోదు చేసుకోండి."

పెట్టెలో అంకెలు కిందికి దిగాయి. ఇంకా దిగాయి. విశ్వంభరం గారు పెట్టెని తట్టి చూశారు. తర్వాత నా ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టి చూశారు. ఊపిరి తగిలినట్టుంది, గబుక్కున చెయ్యి తీసేసుకున్నారు.

"అద్భుతం," అన్నారు.

నేను చేసిందేమీ లేదు. అదే ఆయనకి నచ్చింది.

పరీక్ష మొదలైంది. ఒక్కొక్కరికీ పట్టీ కట్టి, ముందు టైపు, తర్వాత ఫైళ్ళు సర్దడం. వరాలు టైపు మొదలుపెడితే రేకుల మీద వడగళ్ళు పడ్డట్టుంది. ఒక్క తప్పు లేదు. పేజీ బయటికొచ్చింది. పెట్టె కూడా కుయ్యిమంది.

"ఒక నక్షత్రం," అన్నారు విశ్వంభరం గారు, ఎవరో పోయిన కబురు చెప్పినట్టు.

వరాలు నా వైపు చూసింది. ఆమె ముఖంలో రంగు పోయింది. అయినా చెయ్యి ఆగలేదు. ఆగడం ఆమెకి చేతకాదు. ఫైళ్ళ గుట్ట ముందేస్తే దుమ్ము దులిపి, ఏడాదివారీగా పేర్చి, ట్యాగులు బిగించింది. బల్ల ఒక కాలు ఎత్తుగా ఉండి ఊగుతోంది. కాగితం మడిచి దాని కింద పెట్టింది.

"బల్ల సరిచెయ్యమని మిమ్మల్ని ఎవరు ఆదేశించినారు?" రిజిస్ట్రార్ గారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఊగుతోంది కదండీ."

"ఈ ట్రిబ్యునల్ ఏర్పడినది మొదలు ఆ బల్ల ఊగుచున్నది. ఎవరును ఫిర్యాదు చేయలేదు."

ఆ ఒక్క నక్షత్రం కూడా పోయింది. సున్నా ఇవ్వడానికి నిబంధన లేదని అర నక్షత్రం ఇచ్చారు. స్టిక్కరుని కత్తెరతో కత్తిరించి మరీ ఇచ్చారు.

గుంపస్వామి టైపు పరీక్షలో ఒక అక్షరం మీద వేలు పెట్టి అలాగే ఉంచేశాడు. పేజీ నిండా అదే అక్షరం. నాలుగు నక్షత్రాలు. చప్పట్లు కూడా పడేవే, చప్పట్లకి లెక్కుందని అందరూ మానుకున్నారు. ఇంకొంచెం ఉంటే అయిదు వచ్చేసేవి. ఇంతలో ఈగ ఒకటి అతని ముక్కు మీద వాలింది. కోచింగు సిలబస్‌లో ఈగ లేదట. చెయ్యి లేచిపోయింది. మూడుకి దిగాడు.

అన్నీ అయ్యాక పెద్దలిద్దరూ లెక్కలు చూసుకున్నారు.

"మూలప్రమాణానికి సమానంగా కూడా ఎవ్వరూ రాలేదు," అన్నారు విశ్వంభరం గారు.

"అయిదు నక్షత్రములకు తక్కువైన పరికరమును ఈ కార్యాలయమందు ప్రవేశపెట్టరాదని ఆర్డరు ఉన్నది," అన్నారు రిజిస్ట్రార్ గారు. "అయిదు ఎవరికి వచ్చినవి?"

ఇద్దరూ మెల్లగా నా వైపు తిరిగారు. ఆ అంకెలు నావే. పట్టీ ఇంకా నా చేతికే ఉంది.

"ఈయన అప్లికేషన్ పెట్టలేదు గదా?"

"ఫ్రిజ్జు అప్లికేషన్ పెట్టిందా?"

"వయోపరిమితి?"

"అది ఉద్యోగులకండి. పరికరాలకు ఉండేది వారంటీ."

"విద్యార్హత? తమరు ఎంతవరకు చదివినారు?"

నేను మూడు వేళ్ళు చూపించాను.

"మూడు డిగ్రీలా!"

"మూడో క్లాసండీ," అంది వరాలు.

రిజిస్ట్రార్ గారు సందేహంలో పడ్డారు. విశ్వంభరం గారు మళ్ళీ ఫ్రిజ్జు దగ్గరికే వచ్చారు. "ఫ్రిజ్జు ఎంతవరకు చదివింది?"

రిజిస్ట్రార్ గారికి సందేహం తీరింది. నా చొక్కాకి స్టిక్కరు అంటించారు. అయిదు నక్షత్రాలు. కాగితాలు తయారవుతాయి, బయట కూర్చోమన్నారు.

వరండాలో వరాలు నా చేతిలోంచి సంచి తీసుకుంది.

"ఉద్యోగం కొట్టేశారు మావయ్యా," అంది. "ఇంట్లో ఎన్నిసార్లు విసుక్కున్నాను, లేచి మంచినీళ్ళ గ్లాసైనా తీసుకోరీ మనిషని. అది అర్హతని నాకేం తెలుసు? తెలిస్తే నేనూ మీ పక్కన చాప వేసుకుని నేర్చుకునేదాన్ని."

నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. కిటికీ వైపు తిరిగి నిలబడింది. ఆ రోజు పొయ్యి ముందు నిలబడ్డట్టే. చెయ్యి కదపలేదు, కాలు కదపలేదు. అప్పుడు కొలిచి ఉంటే ఆమెకీ అయిదూ వచ్చేవి.

నాకు అది చూడబుద్ధి కాలేదు. పక్కకి చూశాను. పక్కన చిన్న వంటగది ఉంది. అందులో ఆఫీసు ఫ్రిజ్జు. దానికీ అయిదు నక్షత్రాలు. ఫ్రిజ్జు పైన గోడకి స్టెబిలైజరు బిగించి ఉంది, గుయ్యిమంటోంది. దానికి స్టిక్కరు లేదు. చాలాసేపు చూశాను. ఎక్కడా లేదు.

లేచి లోపలికి వెళ్ళాను. నేనై నేను లేవడం ఆ రోజుకి అదే మొదలు.

"ఇచ్చట సంతకం చేయవలెను," అన్నారు రిజిస్ట్రార్ గారు. "ఏమైనా మనవి చేసుకొనునది ఉన్నదా?"

"స్టెబిలైజరు కావాలి," అన్నాను.

పెద్దలిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ తర్వాత లేచి వంటగదిలోకి వెళ్ళారు. సన్నిబాబుని కూడా పిలిచారు. ముగ్గురూ ఫ్రిజ్జు చుట్టూ తిరిగి చూశారు.

"అయిదు నక్షత్రాల పరికరం," అన్నారు విశ్వంభరం గారు. "దానికి స్టెబిలైజరు ఉంది. స్టెబిలైజరుకి నక్షత్రాలు లేవు. మన ఆఫీసులోనే నజీరు ఉంది, ముందే జరిగిన ఉదాహరణ."

"స్టెబిలైజరు కూడా కరెంటు భుజించును గదా?"

"భుజించును. లెక్కలోకి రాదు."

నజీరు దొరికితే ట్రిబ్యునల్ వారికి ఇంక ధైర్యమే ధైర్యం. రిజిస్ట్రార్ గారు నా వైపు తిరిగి, "ఏ కంపెనీది కావలెను?" అన్నారు.

నేను వంటగది గుమ్మంలోంచి, వరండాలో కిటికీ దగ్గరున్న వరాలు వైపు వేలు చూపించాను.

"ఆ అర నక్షత్రమా!"

"స్టెబిలైజరుగా బిగించాక ఆ అర కూడా పీకెయ్యొచ్చండి," అన్నారు విశ్వంభరం గారు. "పాత పరికరానికి విడిగా కొంటే అమరదు. ఇది ఆ ఇంటి సెట్టే."

అలా ఆర్డరు వచ్చింది. నేను పాలనా సహాయక పరికరం. వరాలు, అనుబంధం.

"నేను మీకు స్టెబిలైజరునా మావయ్యా?" అంది వరాలు నా చెవి దగ్గర. కోపమో నవ్వో తెలీలేదు. కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. నేను కనురెప్పలు ఆర్పాను. అంతకన్నా కదిలితే నక్షత్రం పోతుంది.

మర్నాటి నుంచి ఇద్దరం ఒకే బస్సు. నేను కుర్చీలో కూర్చునేవాణ్ణి, చేతికి పట్టీ. వరాలు నా వెనకా ముందూ పరిగెట్టేది. టైపు ఆమెదే, ఫైళ్ళు ఆమెవే, ఫోన్లు ఆమెవే. ఊగే బల్లలన్నీ నిలబడ్డాయి. మెట్ల మీద ఎవరైనా తూలితే సన్నిబాబు ముందు ఆమెని కేకేసేవాడు. "ఓలమ్మా స్టెబిలైజరూ, ఓసారిటు రా! నేను లేవదీస్తే నాకు మిగిలినియ్యి రెండే." వాళ్ళని లేపి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, వాళ్ళ అర్జీ ఎక్కడుందో వెతికి ఇచ్చేది. జీతం నాది పరికరాల పద్దులో వచ్చేది, ఆమెది నిర్వహణ పద్దులో.

నెలాఖరు వచ్చింది, వెళ్ళింది. ఆ రోజు వరాలు అన్నం సరిగ్గా తినలేదు. వయసు దాటిన మనిషి ఎలా పనిచేస్తోందని ఎవరైనా అడుగుతారేమోనని భయం. ఎవరూ అడగలేదు. స్టెబిలైజరు వయసు ఎవరు అడుగుతారు?

కొండవాలు ఊరివాళ్ళు ట్రాన్స్‌ఫార్మర్ కోసం వేసిన అర్జీ ఒకటి ఏళ్ళ తరబడి బీరువా కింద నలిగింది. వరాలు దాన్ని బయటికి లాగి, విచారణకి పెట్టించి, తీర్పు టైపు కొట్టి పంపించేసింది. ఊరికి కరెంటు వచ్చింది. వాళ్ళు గుమ్మడికాయ ఒకటి మోసుకొచ్చి గుమ్మంలో పెట్టి, ఎవరికి దణ్ణం పెట్టాలో తెలీక నా స్టిక్కరుకి పెట్టి వెళ్ళారు.

తర్వాతి వారమే పైనుంచి మెమో. ఆ ఊళ్ళో కరెంటు వాడకం విపరీతంగా పెరిగిందట. అంతకుముందు అసలు లేదు కదా. పొదుపు చెయ్యాల్సిన ఆఫీసు వాడకం పెంచడమేమిటి, బాధ్యులెవరు? విశ్వంభరం గారు నా పెట్టె చూశారు. అంకె కదల్లేదు. అంటే ఈ ఆఫీసులో ఏ పనీ జరగలేదు. మెమో మూసేశారు.

చలికాలం వచ్చేసరికి నాకు విసుగొచ్చింది. కూర్చోవడం వల్ల కాదు, బస్సు వల్ల. రిజిస్ట్రార్ గారి దగ్గరికి వెళ్ళి, "రేపట్నుంచి రాను," అన్నాను.

"అది వీలు పడదు. పరికరమును తొలగించవలెనన్న, పాడైనదని కమిటీ తేల్చవలెను. తమరు పాడవలేదు. మొదటినుంచియు ఇంతే."

నేను బయటికొచ్చాను. చొక్కా మీది స్టిక్కరు ఊడదీసి కుర్చీ వీపుకి అంటించాను. చేతి పట్టీ కుర్చీ చేతికి కట్టాను. బస్సెక్కాను.

ఆ రాత్రి వరాలు నిద్రపోలేదు. పరికరమే లేకపోతే స్టెబిలైజరు ఎందుకని తీసేస్తారని. ఉదయం భయపడుతూనే వెళ్ళింది. సాయంత్రం వచ్చి గుమ్మంలోనే చతికిలబడి నవ్వింది. పెట్టెలో సున్నా చూపించిందట. విశ్వంభరం గారు పెట్టెకి దణ్ణం పెట్టినంత పని చేశారట. ఇంతకాలం ఇన్‌పుట్టు క్రమేణా తగ్గిస్తూ వచ్చి ఇప్పుడు లక్ష్యం చేరుకున్నామని పైకి నివేదిక పంపారట. స్టెబిలైజరుని అలాగే ఉంచమన్నారట. పరికరం ఉన్నంతకాలం అది ఉండాల్సిందేనట. టేకు కుర్చీ. చాలాకాలం ఉంటుంది.

కుర్చీకి జీతం ఇవ్వాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. విచారణ వాయిదా పడుతోంది. ఆ వాయిదాల కాగితాలు కూడా వరాలే టైపు కొడుతోంది.

పుస్తకాలు తూకానికి వెయ్యలేదు. అటక మీద ఉన్నాయి.

సాయంత్రం ఆమె బస్సు దిగి పరిగెత్తుకొస్తుంది. "నా కుర్చీ ఎలా ఉంది?" అంటాను.

"మీకంటే బాగా పనిచేస్తోంది మావయ్యా," అంటుంది, నేను పెట్టిన టీ అందుకుంటూ. ఈమధ్య టీ నేనే పెడుతున్నాను. ఇంట్లో చేతికి పట్టీ లేదు కదా.